ఒక ఫొటోను మూడు ముక్కలు చేస్తే ట్రిప్టిక్ అవుతుందా?

కృష్ణలంక (చర్చ ప్రారంభం):
నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) ఫొటోలను ట్రిప్టిక్‌గా, అంటే పక్కపక్కన మూడు పలకలుగా, అమర్చే అలవాటు మన విజయవాడ, గుంటూరు మిత్రుల్లో పెరుగుతోంది. ఒంటరిగా నిలబడలేని ఫొటోకు మరో రెండు బలహీనమైన ఫొటోలను తోడు చేస్తే బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఇక ఒకే ఫొటోను నిలువునా మూడుగా కోసి వేలాడదీయడం గోడకు అలంకరణే తప్ప కళ ఎలా అవుతుంది?

బ్రాడీపేట:
మీ రెండో మాట ఒప్పుకుంటాను గానీ మొదటిది ఒప్పుకోలేను. గుంటూరు మిర్చి యార్డులో నేను మూడు ఫొటోలు తీశాను: టిక్కీ (మిర్చి బస్తా) గోనె నేతలో ఇరుక్కున్న ఎర్రటి పొడి, కాయలని పోల్చుకోలేనంత దగ్గరగా ఎండుమిర్చి ముడతలు, ఏరి పక్కన పోసిన తాలు కాయల పాలిపోయిన పసుపు. విడివిడిగా చూసినప్పుడు ఏదీ నన్ను ఆపలేదు. తాలును మధ్యలో పెట్టాక రెండు వైపులా ఎరుపు మండింది, గోనె గీతలు తాలును దాటి వెళ్లి అవతలి కాయల ముడతల్లో తేలినట్టు కనిపించాయి. నైరూప్య ఫొటోలో పేరు పెట్టి పిలవదగిన వస్తువు ఉండదు కనుక కన్ను రంగునూ గీతనూ పట్టుకునే నడవాలి. ఆ నడకకు తగినంత దూరం నాకు మూడు పలకల్లోనే దొరికింది. అప్పటి నుంచి కెమెరా ఎత్తిన ప్రతిసారీ దీనికి పక్కన ఏది నిలుస్తుందని వెతుకుతున్నాను.

భవానీపురం:
కోసిన ఫొటోను అంత తేలిగ్గా తోసిపుచ్చవద్దని నా మనవి. సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ గేట్ల నీడలను నీటిలో ఒకే ఫొటోగా తీసి మూడుగా కోశాను. 70 గేట్ల వరుసలో ఏ కొంత భాగమో తెలియని ఆ నిలువు గీతలకు పలకల మధ్య ఖాళీ కూడా మరో గీతలా చేరి, కోయకముందు లేని లయ వచ్చింది. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న చిత్రకారుడు హీరోనిమస్ బాష్ మూడు పలకల చిత్రం 'ది గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్'లో ఎడమ పలకలోని ఏదెను తోట దిగంతరేఖ మధ్య పలకలోకి సాగుతుంది. కొనసాగింపు ఈ రూపానికి పరాయిది కాదు.

బ్రాడీపేట:
సరైన ఉదాహరణే ఇచ్చారు. అయితే అదే చిత్రంలో కుడి పలకకు వచ్చేసరికి పగలు పోయి నరకపు చీకటి కమ్ముతుంది. అంతవరకూ రేఖను నమ్మి నడిచిన కంటికి ఆ చీకటి గట్టిగా తగులుతుంది. మీ మూడో పలకలో అలాంటి మలుపు ఉంటే, కోసినదైనా దాన్ని ట్రిప్టిక్ అనడానికి నాకు అభ్యంతరం లేదు.

కృష్ణలంక:
ఇద్దరి మాటలూ చదివి, పడవ అడుగున పెచ్చులూడుతున్న నీలిరంగు మీద నేను తీసిన మూడు ఫొటోలను బల్ల మీద పరిచి అన్ని వరుసల్లోనూ మార్చి చూశాను. ఏ వరుసలో పెట్టినా తేడా రాలేదు కనుక రెండు తీసేసి ఒక్కదాన్నే ఉంచుకున్నాను. బ్రాడీపేట గారూ, తాలును చివరికి జరిపితే మీ ఎరుపు ఏమవుతుందో ఆ అమరికను కూడా ఇక్కడ పెట్టండి.