రైల్స్ ట్యూబు, గాలి శబ్దం: ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ నేర్పవలసింది ఎవరు?

ట్యూటర్_గుంటూరు: రైల్స్ ట్యూబు (ముక్కు ద్వారా పొట్టలోకి వేసే గొట్టం) వేశాక, అది పొట్టలోకే చేరిందో లేదో తెలుసుకోవడానికి సిరంజితో గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతిని వాడవద్దని బ్రిటన్‌లోని జాతీయ రోగి భద్రతా సంస్థ 2005లోనే హెచ్చరించింది. ట్యూబు ఊపిరితిత్తిలోకి వెళ్లినా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. ఈ సంగతి క్లాసులో విని తలూపిన బీఎస్సీ నర్సింగ్ విద్యార్థినులే మర్నాడు వార్డులో గాలి పంపి వింటున్నారు. ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్‌ను, అంటే పరిశోధనలో తేలిన రుజువుల ఆధారంగా సేవ చేయడాన్ని, రీసెర్చ్ సబ్జెక్టులో ఒక యూనిట్‌గా ముగించకుండా, వార్డు సిస్టర్లే రోగి పక్కన నిలబెట్టి నేర్పాలని నా అభిప్రాయం.

ఐసీయూ_సిస్టర్: మేడమ్ గారూ, శబ్దానికి బదులు ట్యూబు నుంచి తీసిన ద్రవం పీహెచ్ (ఆమ్లత్వం) చూడాలంటే పీహెచ్ స్ట్రిప్పులు కావాలి. నేను ఎన్నిసార్లు ఇండెంటు పెట్టినా స్టోర్సు నుంచి రాలేదు. పైగా మా రోగుల్లో చాలామందికి పొట్టలో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మందు నడుస్తుంది కనుక పొట్టలోని ద్రవం పీహెచ్ ఎలాగూ పెరుగుతుంది.

ట్యూటర్_గుంటూరు: ఆ మందు వల్ల పీహెచ్ 5.5 దాటితే ఫీడ్ (ట్యూబు ద్వారా ఇచ్చే ఆహారం) ఆపి ఎక్స్‌రే తీయించాలే గాని, శబ్దాన్ని నమ్మమని ఎవరూ చెప్పలేదు.

నైట్_డ్యూటీ: రాత్రి రెండు గంటలకు ఎక్స్‌రే తీసేది ఎవరండీ?

ఫైనల్_ఇయర్: ప్రాక్టికల్ పరీక్షలో నేను పీహెచ్ అని చెప్పినందుకు, వార్డులో చేసేది చెప్పమని ఎగ్జామినర్ గారు మందలించి మార్కులు తగ్గించారు. మాకు రెండు రకాల జవాబులు కంఠస్థం చేయక తప్పడం లేదు.

ట్యూటర్_గుంటూరు: చూశారా, పాత అలవాటుకే మార్కులు పడుతున్నాయి.

ఐసీయూ_సిస్టర్: అలవాటు అని తీసిపారేయకండి. బెడ్డు వేయడం సరిగా రాని పిల్లలు రోగి బంధువుల ముందే "సిస్టర్, ఇది తప్పు పద్ధతి" అంటుంటే ఆ మాట వారికి నేర్పింది మీరే కదా? 2005 నాటి హెచ్చరిక గురించి నాకు ఇంతవరకు ఏ ఇన్‌సర్వీస్ క్లాసులోనూ చెప్పలేదు. మా ప్రొసీజర్ మాన్యువల్ తిరగరాసినప్పుడు వార్డులో పనిచేసే ఒక్కరినీ పిలవలేదు. ఎవిడెన్స్ బేస్డ్ వైద్యానికి ఆద్యుల్లో ఒకరైన డాక్టర్ డేవిడ్ సాకెట్ 1996లో దానికి ఇచ్చిన నిర్వచనంలో పరిశోధనతో పాటు వైద్యసేవలో గడించిన నైపుణ్యం కూడా ఉందని మీరే పాఠం చెబుతారు, కానీ మా వంతు వచ్చేసరికి అది అలవాటు అయిపోతుంది.

ట్యూటర్_గుంటూరు: మాన్యువల్ విషయంలో మీ మాట న్యాయమే, సిస్టర్ గారూ. అయినా ఎన్నేళ్లు విన్నా ఆ శబ్దం ట్యూబు ఎక్కడుందో చెప్పదు, కాబట్టి దాన్ని నైపుణ్యంగా నేను ఒప్పుకోను.

ఐసీయూ_సిస్టర్: సరే, స్ట్రిప్పులు తెప్పించండి, మీ విద్యార్థినులకు నేనే చేసి చూపిస్తాను. అప్పటిదాకా మాత్రం వారితో నాకు పాఠాలు చెప్పించకండి.

ట్యూటర్_గుంటూరు: అప్పటిదాకా మొదటి ఫీడ్‌కు ముందు ఎక్స్‌రే తీయించి, ముక్కు దగ్గర ట్యూబు మీద ఎన్ని సెంటీమీటర్ల గుర్తు ఉందో ప్రతి షిఫ్టులోనూ చార్టులో రాయిద్దాం, దీనికి స్టోర్సు అనుమతి అక్కరలేదు.