అప్‌డేట్: పులికాట్ ఫ్లెమింగోల ఫొటోలు ఈసారి స్పష్టంగా వచ్చాయి

సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద తీసిన ఫ్లెమింగో ఫొటోలన్నీ మసకబారుతున్నాయని, లోపం దూరంగా ఉన్నవాటిని తీసే నా 400 ఎం.ఎం. లెన్సులో ఉందేమోనని ఇంతకుముందు అడిగాను. లెన్సు బాగానే ఉంది. మీలో కొందరు చెప్పినట్టు, ఎండెక్కాక నీటి మీద కదలాడే వేడిగాలే కారణం. ఈసారి తెల్లవారేసరికి చేరుకొని, కారు దిగకుండా, కిటికీ అంచున చిన్న బియ్యపు సంచి పెట్టి దాని మీద కెమెరా ఆనించి కూర్చున్నాను. చాలాసేపటికి ఒక పక్షి దగ్గరకు వచ్చి, కాళ్లతో బురద కదుపుతూ, వంకర ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి మేసింది. ముక్కు అంచున జారుతున్న నీటిచుక్కలు కూడా ఫొటోలో పడ్డాయి. రెక్కల నలుపు అంచులు కనిపించాలని కొందరు చప్పట్లు కొట్టి గుంపును లేపుతున్నారు, దయచేసి ఆ పని చేయకండి. అంతరిక్ష కేంద్రం వైపు నేను కెమెరా తిప్పలేదు. ఇక నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతుల (పెలికాన్‌ల) కోసం వెళ్లాలి.