‘తలా పిడికెడు’: ఎవరి పిడికిలితో?

సీతమ్మధార సభ్యురాలు: వాతావరణ మార్పుపై దేశాల మధ్య జరిగే చర్చల గురించి మా కాలనీ గ్రంథాలయంలో నేను ప్రసంగించవలసి ఉంది. భూమిని కాపాడే బాధ్యత అందరిదీ అయినా అది అందరికీ ఒకే పాటిది కాదని చెప్పే 1992 నాటి ఐక్యరాజ్యసమితి రియో ప్రకటన ఏడవ సూత్రాన్ని ‘ఉమ్మడివే కానీ వేర్వేరు బాధ్యతలు’ అని రాసుకొన్నాను గానీ, చదువుతుంటే నాకే నోరు తిరగడం లేదు. మా అమ్మమ్మ నోట విన్న ‘తిలాపాపం తలా పిడికెడు’ దీనికి శీర్షికగా నప్పుతుందా? ఆవిడ ‘తలో పిడికెడు’ అనేదేమోనని కూడా లీలగా గుర్తు. ఏది సరైన పాఠం?

పెదవాల్తేరు సభ్యులు: రెండూ వాడుకలో ఉన్నవే. ‘తలా ఒక’ కలిసి ‘తలో’ అయింది కనుక అమ్మమ్మగారిని తప్పుపట్టలేము. నన్ను ఏళ్ళుగా వేధిస్తున్నది మొదటి మాటలోని దీర్ఘం. తిల అంటే నువ్వులు, సమాసంగా చూస్తే ‘తిలపాపం’ కావాలి. పక్కనున్న ‘తలా’ తన దీర్ఘాన్ని దీనికి కూడా అంటించిందని నా అభిప్రాయం.

భీమిలి మాస్టారు: దీర్ఘం సంగతి తరువాత చూద్దాం. అమ్మా, ఈ సామెత మీ సూత్రానికి నప్పకపోవడమే కాదు, దానికి ఎదురు నిలుస్తుంది. ‘తలా’ అన్నాక అందరికీ ఒకే కొలత. పాపం ఎవరిదో తేలకుండా నలుగురి నెత్తినా రుద్దేటప్పుడే మనం ఈ మాట అంటాము. 1997 నాటి క్యోటో ఒప్పందం భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను ఇంత తగ్గించాలన్న కట్టుబాటును ధనిక దేశాలకే పెట్టింది కనుక అందులో ‘తలా’ లేదు. 2015లో ప్యారిస్ ఒప్పందానికి వచ్చేసరికి ప్రతి దేశమూ తన లక్ష్యాన్ని తానే రాసుకొని తేవాలన్నారు, పాత సూత్రానికి ‘భిన్నమైన జాతీయ పరిస్థితుల దృష్ట్యా’ అని ఒక తోక తగిలించారు. అక్కడ అందరికీ వంతు పడింది కనుక మీ సామెత ఆ తోకకు సరిపోతుంది.

గాజువాక సభ్యులు: మాస్టారూ, మీరు ‘తలా’ దగ్గరే ఆగిపోయి ‘పిడికెడు’ను వదిలేశారు. బారెడు, మూరెడు, జానెడు, చారెడు, దోసెడు అన్నీ ఒంటితో కొలిచే కొలతలే. భీముడి పిడికెడూ పసిబిడ్డ పిడికెడూ ఒకటెలా అవుతాయి? ఎవరి పిడికిలి ఎంతదైతే వారి వంతు అంత అని చెబుతున్నది కనుక ‘వేర్వేరు’ అన్న అర్థం సామెతలోనే ఉంది. ఇక ‘తలా’ అంటే తలసరి అనే కదా? పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే లెక్క మనిషికి కట్టాలి గాని దేశానికి కాదని, బతుకుతెరువు కోసం వెలువడే పొగనూ విలాసాల పొగనూ ఒక గాటన కట్టరాదని వాదించారు. ఏటా తలసరి కార్బన్ డయాక్సైడ్ మన దేశంలో సుమారు 2 టన్నులు, అమెరికాలో సుమారు 14 టన్నులు.

కంచరపాలెం సభ్యురాలు: ‘దేశమంటే మనుషులోయ్’ అన్న గురజాడ అప్పారావుగారు ఈ వాదానికి ముందే సాక్ష్యం చెప్పి ఉంచారు. అయితే తలసరి లెక్క చాటున మన సంపన్నులు హాయిగా దాక్కొంటారన్నది కూడా మరవరాదు. అదే గేయంలో ‘సొంత లాభం కొంత మానుకొని’ అని కూడా ఉంది. వర్ధమాన దేశాలకు వాతావరణ సాయంగా 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సభలో మాట ఇచ్చి, 2022కు గాని ఆ అంకె చేరని ధనిక దేశాల వారికి ఆ పాదం వినిపించాలి.

పెదవాల్తేరు సభ్యులు: ‘మానుకొని’ కాదు, ‘మానుకు’. ఈ గేయం ఛందస్సైన ముత్యాలసరానికి మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రల నడక. ‘కొంత మానుకు’ సరిగ్గా ఏడు మాత్రలు, ‘మానుకొని’ అంటే ఎనిమిదై నడక కుంటుతుంది. విజయనగరం పక్కనే ఉండి ఈ పాదం తప్పు చదవడం మనకు తగదు.

భీమిలి మాస్టారు: మాత్రలు సరే, అక్కడ అసలు మెలిక ‘కొంత’లో ఉంది. ఎంత అన్నది కవి చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. 2024లో బాకూ వాతావరణ సభలో ఈ సాయానికే 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అని అంకె వేశారు గాని, అందులో దానమెంతో అప్పెంతో విడదీయలేదు. ఇప్పటిదాకా వచ్చిన ప్రభుత్వ సొమ్ములో అధికభాగం అప్పులే.

కంచరపాలెం సభ్యురాలు: అయితే ‘తిల’కు నా సిద్ధాంతం వినండి. తిలదానం పుచ్చుకొన్నవాడికి దాత పాపం అంటుతుందని మన పెద్దల నమ్మకం. పొగ వదిలినవారే అప్పు ఇచ్చి, పుచ్చుకొన్నవారి చేత వడ్డీ కట్టిస్తుంటే ఆ నువ్వులు చేతులు మారినట్టే కదా?

గాజువాక సభ్యులు: సిద్ధాంతం ముచ్చటగానే ఉంది గాని, ఆ వాతావరణ సభల్లో ‘పాపం’ అన్న మాటే చెల్లదు. ప్యారిస్ ఒప్పందం ఎనిమిదవ అధికరణం వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టాన్నీ హానినీ ఒప్పుకొంటుంది. దానితో పాటు ఆమోదించిన నిర్ణయంలోని 51వ పేరా మాత్రం ఆ అధికరణం బాధ్యతకు గాని పరిహారానికి గాని ఆధారం కాదని తెగేసి చెబుతుంది. అందుచేత 2022లో షర్మ్ ఎల్ షేక్ సభలో ఈ నష్టం, హాని కోసం ఒప్పుకొన్న నిధిని ‘నష్టపరిహార నిధి’ అని రాయడం, ధనిక దేశాల వాళ్ళు ఇవ్వనన్నదాన్ని మనమే ఇప్పించినట్టు అవుతుంది. నష్టమూ హానీ కూడా ఒకటి కావు. 2014 అక్టోబరు 12న మన విశాఖకు హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎగిరిపోయిన రేకులు మళ్ళీ వేసుకొన్నాము, కూలిన పెద్ద చెట్లు తిరిగి రాలేదు. ఆ తుపానుకు వాతావరణ మార్పు కారణం అవునా కాదా అన్నది వేరే చర్చ.

భీమిలి మాస్టారు: ‘పాపం’ చెల్లదంటే సామెతలో మిగిలేవి నువ్వులే. గాజువాకవారి పిడికిలి వాదం కూడా నేను ఒప్పుకోను. నువ్వులు అమ్మేవాడు తవ్వతో, సోలతో కొలుస్తాడు గాని కొనేవాడి పిడికిలితో కొలవడు.

గాజువాక సభ్యులు: మాస్టారూ, తవ్వలూ సోలలూ చిల్లర దుకాణంలోవి. పంపకం దుకాణంలో జరగదు.

సీతమ్మధార సభ్యురాలు: అందరికీ కృతజ్ఞతలు. గోడపత్రిక ఈ సాయంత్రమే అచ్చుకు వెళ్ళాలి కనుక ‘తిలాపాపం తలా పిడికెడు?’ అని ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చేశాను. అమ్మకు ఫోన్ చేసి అడిగితే అమ్మమ్మ ‘తలో’ అనే అనేదట.

పెదవాల్తేరు సభ్యులు: ‘తిలా’కు దీర్ఘం అలాగే ఉంచేశారన్నమాట.