నాన్‌వోవెన్ టోపీల యంత్రం: ఎలాస్టిక్ బిగువు రీలు మొదటినుంచి చివరివరకు ఒకేలా రావడం లేదు

ప్రశ్న (బొబ్బిలి గ్రోత్ సెంటర్ నుంచి):
ఆసుపత్రుల్లో ఒకసారి వాడి పారవేసే టోపీలు తయారుచేసే చిన్న యూనిట్ మాది. రోల్ నుంచి వచ్చే స్పన్‌బాండ్ పాలీప్రొపిలీన్ గుడ్డ (నేయకుండా ప్లాస్టిక్ పోగులను అతికించి చేసే నాన్‌వోవెన్ రకం) అంచును యంత్రమే మడిచి, సాగదీసిన ఎలాస్టిక్‌ను ఆ మడతలోకి పంపి, అల్ట్రాసోనిక్ పద్ధతిలో (అతి వేగమైన కంపనాలతో పుట్టే వేడితో) అతుకుతుంది. కొత్త రీలు ఎక్కించినప్పుడు టోపీలు వదులుగా వస్తున్నాయి. రీలు అయిపోవచ్చేసరికి నుదుటిపై అచ్చు పడేంత బిగుతుగా మారుతున్నాయి. పొద్దస్తమానం రీలును పట్టి ఉంచే బ్రేకు మర సడలిస్తూ కూర్చోవడం తప్ప వేరే మార్గం ఉందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాజాం నుంచి, జనపనార మిల్లు మెయింటెనెన్స్):
అయ్యా, లోపం ఎలాస్టిక్‌లో లేదు, దాన్ని బ్రేకుతో ఆపుతూ వదిలే పద్ధతిలో ఉంది. బ్రేకు పట్టు మారకపోయినా, రీలు వ్యాసం సగానికి తగ్గేసరికి ఎలాస్టిక్‌పై లాగుడు రెట్టింపవుతుంది. కనుక అదుపు చేయవలసింది లాగుడును కాదు, పొడవును. రీలుకూ మడతకూ నడుమ రబ్బరు పూత ఉన్న రోలర్ల జతను అమర్చి, గుడ్డను లాగే ప్రధాన రోలరుకు టైమింగ్ బెల్టుతో (జారని పళ్ళ బెల్టుతో) కలపండి. గుడ్డ 100 మీటర్లు నడిచేలోపు ఆ జత 40 మీటర్ల ఎలాస్టిక్‌నే వదిలితే, రీలు ఏ దశలో ఉన్నా అది రెండున్నర రెట్లు సాగి మడతలో చేరుతుంది. అయితే రీలు నుంచి రోలర్ల దాకా ఎలాస్టిక్ దాదాపు సడలుగానే రావాలి. అక్కడే సాగి ఉంటే లెక్క మళ్ళీ తప్పుతుంది. ఈ జాగ్రత్త చాలామంది తీసుకోరు.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
రాజాం వారు చెప్పింది సరైనదే. కానీ వదులు టోపీలు క్రమంగా కాక, నడుమ నడుమ ఒకటీ అరా వస్తుంటే కారణం వేరు: కోత పడ్డాక ఎలాస్టిక్ కొస లోపలికి జారిపోతోందన్న మాట. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి తనలో తాను అతుక్కుంటుంది గాని, ఎలాస్టిక్‌తో కలిసిపోదు; రెండు పొరల నడుమ దాన్ని నొక్కి పట్టుకుంటుంది, అంతే. అందుకని కోత గీతకు ఇరువైపులా అతుకు చుక్కలు దగ్గర దగ్గరగా పడాలి. అలాగని హార్న్ (కంపిస్తూ గుడ్డను నొక్కి అతికే లోహపు భాగం) ఒత్తిడి పెంచితే గుడ్డకు చిల్లులు పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మావి క్రమంగా బిగిసేవే కాబట్టి ముందు రోలర్లు పెట్టిస్తాను. మడత వెడల్పు కూడా అప్పుడప్పుడు తగ్గుతోంది. గుడ్డ అంచు పక్కకు జరిగితే పసిగట్టే అంచు సెన్సారు గుడ్డ రోల్ దగ్గరే ఉంది.

జవాబు (రాజాం నుంచి):
దాన్ని మడత పలకకు సరిగ్గా ముందుకు మార్చండి. రోల్ దగ్గర సరిచేసిన అంచు, ఆ దూరం నడిచేలోపు మళ్ళీ పక్కకు జరుగుతుంది.