అమెరికాలో లాగా ఓటు దానంతటదే ఎక్కేలా మన అసెంబ్లీ చట్టం చేయొచ్చా?

కావలికుర్రోడు:
మా అక్క కొడుకు అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తుంటాడు. వాడికి అక్కడ ఓటు లేదులే గానీ ఒక సంగతి చెప్పాడు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసుకి పోయి కాయితాలిస్తే, పౌరుడైతే చాలంట, వాళ్లే పేరు ఓటరు జాబితాలో ఎక్కించేస్తారంట, వద్దనుకున్నవాడే చెప్పుకోవాలి. 2015లో ఆ రాష్ట్రమే చట్టం చేసుకుంది, 2016 నుంచి అమలు. బ్యాలెట్ కూడా పోస్టులో ఇంటికే వస్తుందంట.

ఇక్కడ మా తమ్ముడు 2024 మే 13న ఓటెయ్యడానికి హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడు. బూత్‌లో చూస్తే పేరే లేదు. జేబులో కార్డు మాత్రం ఉంది! ఎవరు తీశారో, ఎందుకు తీశారో చెప్పేవాడు లేడు. మన 175 మంది ఎమ్మెల్యేలు కూర్చుని ఒక చట్టం చేస్తే ఈ గోల పోదా?

ఒంగోలు ప్లీడరు:
పోదు తమ్ముడూ. అసెంబ్లీకైనా పార్లమెంటుకైనా ఓటరు జాబితా 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం నడుస్తుంది, అది పార్లమెంటు చేసింది, జాబితా చూసేది ఎన్నికల సంఘం. రాజ్యాంగం 328వ అధికరణంలో రాష్ట్రానికి కాస్త చోటుంది గానీ, పార్లమెంటు చట్టం చేయని విషయాల్లోనే. అమెరికాలో వ్యవహారం వేరు, అక్కడ ఓటర్ల నమోదు చాలావరకు రాష్ట్రాల చేతిలోనే ఉంటుంది.

అయితే పంచాయతీ, మునిసిపాలిటీ ఎన్నికలు మన రాష్ట్రం చేతిలోవే. గుజరాత్ అయితే స్థానిక ఎన్నికల్లో ఓటెయ్యడం తప్పనిసరి అని చట్టమే చేసింది, 2015లో హైకోర్టు ఆపింది. మన దగ్గర పంచాయతీకి విడిగా జాబితా రాసుకోకుండా అసెంబ్లీ జాబితానే వాడుకుంటాం. 2021లో పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాతో పెట్టారు, గుర్తుందా? ఆ మధ్యలో 18 నిండిన పిల్లలు లక్షల మంది బయటే ఉండిపోయారు. మీ ఎమ్మెల్యేని అడగాలనుకుంటే దీని గురించి అడుగు, ఇది అసెంబ్లీ సరిచేయగలిగిన పని.

టంగుటూరు బేరన్ను:
ఆరిగన్ గొప్పలు చాలు సామీ. 2024లో అక్కడి లైసెన్సు ఆఫీసు పొరపాటున పౌరసత్వం రుజువు చూపని వెయ్యి మందికి పైగా ఓటర్లుగా ఎక్కించేసింది, తర్వాత తల పట్టుకున్నారు. మనకి దానంతటదే ఎక్కేది ఒక్క కరెంటు బిల్లే 😄

నెల్లూరు పంతులు:
నేను రెండుసార్లు బీఎల్‌వోగా, అంటే బూత్ ఓటరు జాబితా చూసే ఉద్యోగిగా చేశాను కాబట్టి చెబుతున్నా. చట్టంలో మంచి మార్పు ఇప్పటికే వచ్చింది, మనవాళ్లలో సగం మందికి తెలియదు. ఇదివరకు జనవరి 1కి 18 నిండితేనే పేరు ఎక్కేది. జనవరి 2న పుట్టినవాడు ఏడాది ఆగాల్సిందే. 2021లో చట్టం సవరించి ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 కూడా చేర్చారు. 17 దాటిన పిల్లలు కొత్తగా పేరు ఎక్కించుకునే ఫారం 6 ముందే ఇచ్చుకోవచ్చు.

మా బూత్ పరిధిలో చెరువుగట్టు మీద యానాదుల గుడిసెలుండేవి. వాళ్ల దగ్గర ఇంటి పన్ను రసీదు ఎక్కడిది? నిలువ నీడ లేనివాళ్లకి చిరునామా కాయితం అడక్కూడదు, బీఎల్‌వోనే రాత్రి పూట పోయి వాళ్లు అక్కడ పడుకుంటున్నారో లేదో చూసి రాయాలి, రూలు అదీ. నేను టార్చి పట్టుకుని పోతే కుక్కలు వెంటపడ్డాయి, అది వేరే కథ. ఒక ముసలామె నన్ను చూసి పోలీసనుకుని లోపలికి పోయింది, గంటసేపు బయటికి రాలేదు. ఆధార్ లేదని ఎవరన్నా తిప్పి పంపితే ఊరుకోకండి, ఓటుకి ఆధార్ ఇవ్వడం మన ఇష్టం.

కావలికుర్రోడు:
థ్యాంక్స్ సార్. మరి మా తమ్ముడి సంగతి?

నెల్లూరు పంతులు:
ఎవరో పేరు తీసెయ్యమని ఫారం 7 పెట్టి ఉండొచ్చు, లేదా బీఎల్‌వో ఇంటికొచ్చినప్పుడు మీవాడు లేడని రాసి ఉండొచ్చు. కార్డు గుర్తింపుకే, ఓటుండేది జాబితాలో. నోటిఫికేషన్ వచ్చాక వెతుక్కుంటే లాభం లేదు, నామినేషన్ల ఆఖరి రోజు దాటితే ఎవరి పేరూ ఎక్కదు. ఆర్నెల్లకోసారి ఆన్‌లైన్‌లో చూసుకోమను, లేకపోతే ఓటరు హెల్ప్‌లైన్ 1950 నంబరుకి ఫోన్ చెయ్యమను.

ఒంగోలు ప్లీడరు:
ఇంకో మెలిక ఉంది. ఊళ్లో సొంత ఇల్లుంటే చాలదు, మామూలుగా అక్కడ నివాసం ఉండాలి, ఆ 1950 చట్టం 20వ సెక్షన్ అదే చెబుతుంది. తాత్కాలికంగా పనికి పోతే మాత్రం ఓటు పోదు. మీవాడు పోయి ఎన్నాళ్లయింది?

కావలికుర్రోడు:
తొమ్మిదేళ్లన్నా. పెళ్లాం పిల్లలు కూడా అక్కడే. వలస కూలీలు ఉన్నచోటి నుంచే సొంతూరి ఓటు వేసే రిమోట్ మిషన్ ఒకటి చూపిస్తామని ఎన్నికల సంఘం 2023లో పార్టీలని పిలిచింది కదా, అదొస్తుందని ఆశపడ్డాం, రాలేదు. హైదరాబాద్‌లో రాయించుకోరా అంటే వాడు వినడు. ఊళ్లో ఓటు లేకపోతే సర్పంచి తన మొహం కూడా చూడడంట, రేపు గట్టు తగాదా వస్తే ఎవరి దగ్గరికి పోవాలి అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.