ప్రశాంత దినాన కూడా భూ అయస్కాంత క్షేత్రంలో 30 సెకన్ల అలలు ఎందుకు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థి, విశాఖపట్నం):
ఎండాడలోని మా పెరట్లో మోకాలి లోతు గోతిలో ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటరు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) పెట్టి, సెకనుకొక కొలత చొప్పున నమోదు చేస్తున్నాను. భూ అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో 0 నుంచి 9 దాకా చెప్పే కేపీ సూచిక మొన్న రోజంతా 1 దాటలేదు. అయినా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఉత్తర దిశాంశంలో (క్షేత్రంలో ఉత్తరం వైపు ఉండే భాగంలో) 30 సెకన్లకు అటూ ఇటుగా, అర నానోటెస్లా ఎత్తున అలలు వరసగా వచ్చాయి. ఇవి నిజమైనవేనా, లేక వీధిలో వాహనాల ప్రభావమా?

మొదటి జవాబు:
అవి పీసీ3 స్పందనలే కావచ్చు. భూ అయస్కాంత క్షేత్రంలో 10 నుంచి 45 సెకన్ల ఆవర్తన కాలంతో వచ్చే నిరంతర స్పందనలకు ఆ పేరు. కేపీ తక్కువంటే అయస్కాంత తుఫాను లేదని మాత్రమే అర్థం, సూర్యుడి నుంచి వచ్చే విద్యుదావేశ కణాల ప్రవాహమైన సౌరపవనం వీస్తూనే ఉంటుంది. అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం సూర్యుణ్ణీ భూమినీ కలిపే గీతకు దగ్గరగా వాలినప్పుడు, మనకు సూర్యుని వైపు దాదాపు 90,000 కిలోమీటర్ల దూరంలో, సౌరపవనం భూ క్షేత్రాన్ని ఢీకొనబోయే ముందు ఏర్పడే ఆఘాత తరంగం దగ్గర కొన్ని అయాన్లు (విద్యుదావేశ కణాలు) వెనుదిరిగి, ఎదురొచ్చే ప్రవాహంలో అలలు లేపుతాయి. ఆ అలలను ప్రవాహమే భూమి వైపు ఈడ్చుకొచ్చి అయస్కాంతావరణంలోకి, అంటే భూ అయస్కాంత క్షేత్రం ఏలే ప్రాంతంలోకి, చేరుస్తుంది. సౌరపవనంలోని క్షేత్రాన్ని నానోటెస్లాలలో తీసుకుని ఆరుతో హెచ్చవేస్తే పౌనఃపున్యం రమారమి మిల్లీహెర్ట్జ్‌లలో వస్తుంది. క్షేత్రం 5 అయితే 30 మిల్లీహెర్ట్జ్, అంటే 33 సెకన్లు. ఆ రోజు ఉపగ్రహ కొలతలతో సరిచూడండి.

రెండవ జవాబు:
వాహనం దాటినప్పుడు రేఖ ఒక్కసారి గెంతి మళ్ళీ మొదటికి వస్తుంది, మూడు గంటలపాటు లయగా ఊగదు. అయినా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, హైదరాబాద్ దగ్గర ఉన్న చౌటుప్పల్ అయస్కాంత వేధశాల సెకను కొలతలలో అదే వేళకు అవే అలలున్నాయేమో చూడటం మంచిది. నిమిషం సగటులలో వెతకవద్దు, 30 సెకన్ల అల అందులో అణగిపోతుంది. మీరు తీరాన ఉన్నారు కనుక, సముద్రజలంలో ప్రేరితమయ్యే విద్యుత్తు నిలువు దిశాంశాన్ని మారుస్తుందని కూడా గమనించండి.

అడిగినవారు:
కృతజ్ఞతలండీ. క్షేత్రరేఖలే తీగల్లా కంపిస్తాయని చదివాను. ఇక్కడ అది వర్తిస్తుందా?

మొదటి జవాబిచ్చినవారు:
ఎగువ అక్షాంశాలలో అదే ప్రధానం. విశాఖ అయస్కాంత అక్షాంశం (అయస్కాంత భూమధ్యరేఖ నుంచి కొలిచేది) పది డిగ్రీలకు అటూ ఇటుగానే కనుక, ఇక్కడి రేఖ రెండు వందల కిలోమీటర్ల ఎత్తుకు అటూ ఇటుగానే కిందికి వంగిపోతుంది. విద్యుదావేశ కణాలున్న పై వాతావరణ పొర అయిన అయనావరణంలోనే చిక్కుకున్న ఆ రేఖ తీగలా మోగలేదు. మీకు అందినవి అయస్కాంతావరణాన్ని, క్షేత్రరేఖలకు అడ్డంగా, దాటి వచ్చిన సంపీడన తరంగాలై (క్షేత్రాన్ని నొక్కుతూ వదులుతూ సాగేవి) ఉండాలి.