ఎనిమిది నెలల పాపను ఎక్కడ చేర్చాలి?

ప్రశ్న (కొండాపూర్)

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తోంది. ప్రసూతి సెలవు, దానికి కలిపి పెట్టుకున్న సెలవులు ఈ నెలాఖరుతో అయిపోతున్నాయి. అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్ జరిగినందున ఆవిడ రాలేరు. మా అమ్మ నాన్నగారిని వదిలి కదలలేదు. ఇంటికి దగ్గరలో రెండు చోట్లు చూశాము. ఒకటి పెద్ద భవనంలోని డే కేర్. గదులన్నీ ఏసీ, ఫోన్‌లో కెమెరా చూసుకునే వీలుంది. రెండోది ఒక పెద్దావిడ తన ఇంట్లోనే ఏడెనిమిది మంది పిల్లలను చూసుకునే చోటు. ఏం జరిగిందో చెప్పడానికి పాపకు ఇంకా మాటలు రావు కనుక, చేర్చకముందే మేము స్వయంగా ఏమేమి చూడాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (మియాపూర్, ఇద్దరు పిల్లల తల్లి)

భవనాన్ని, కెమెరాను కాసేపు పక్కన పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య ముందుగా చెప్పకుండా వెళ్లండి. ఉదయం తొమ్మిదింటికి ఎక్కడైనా అన్నీ సర్ది ఉంచుతారు. ఆయాలు వంతులవారీగా భోజనానికి వెళ్లి, సగం మంది పిల్లలు నిద్రపోతూ, మిగతావారు ఏడుస్తూ ఉండే వేళ అక్కడ ఎందరు పెద్దవాళ్లు మిగులుతారన్నదే ముఖ్యం. ఏడాదిలోపు పిల్లలు నలుగురుంటే వారికోసమే ఒక మనిషి ఉండాలని నా గట్టి అభిప్రాయం. డైపర్ మార్చిన ఆయా చేతులు సబ్బుతో కడుక్కున్నాకే మరో బిడ్డకు అన్నం కలుపుతోందా, ఒకే చెంచాతో ముగ్గురికి తినిపిస్తోందా అన్నది కాసేపు నిలబడితే తెలిసిపోతుంది. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోటు, కారణం ఎంత మర్యాదగా చెప్పినా, నాకు సమ్మతం కాదు. ఆయాలు ఎంతకాలంగా పనిచేస్తున్నారో వారినే అడగండి. నెలకొకరు మారిపోయే చోట పసిబిడ్డ ఎవరికీ మాలిమి కాలేదు.

సమాధానం (హనుమకొండ, విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్)

ముందు బాత్రూమ్ చూడండమ్మా. నీళ్లు నింపిన బకెట్ ఉండి, తలుపుకు బయట గడియ లేకపోతే అక్కడితో వెనక్కి వచ్చేయండి. అంచు పట్టుకుని లేచే వయసు బిడ్డ తలకిందులుగా పడితే జానెడు నీళ్లే ప్రాణం తీస్తాయి, చప్పుడు కూడా వినిపించదు. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ బొంతలూ లేకుండా పడుకోబెడుతున్నారో లేదో గమనించండి. పెద్ద పిల్లలు తినే పల్లీలు, శనగలు, ద్రాక్షపళ్లు నేలమీద పడి ఉంటే పాకే పిల్ల నోట్లో పెట్టుకుంటుంది కనుక వయసులవారీగా గదులు వేరుగా ఉండటం మేలు. మీ పాపకు తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. అంతవరకు తోటిపిల్లల టీకాలు సక్రమంగా ఉండటమే ఆమెకు రక్ష. చేర్చుకునేటప్పుడు టీకా కార్డు అడగని చోటును నేను నమ్మను.

సమాధానం (గచ్చిబౌలి, ఒక తండ్రి)

మీ కార్యాలయాన్ని అడిగారా? 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ శిశు సంరక్షణ సౌకర్యం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునేందుకు అనుమతించాలని 2017 నుంచి చట్టంలో ఉంది. మా సంస్థ పక్కవీధిలోని కేంద్రంతో ఒప్పందం కుదుర్చుకుందన్న సంగతి, మా ఆవిడ రాతపూర్వకంగా అడిగేవరకు ఎవరూ మాకు చెప్పలేదు. పాలు తాగే బిడ్డ విషయంలో ఈ నాలుగు రాకపోకలు ఏసీ గదులకంటే ఎంతో విలువైనవి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కార్యాలయానికి ఈరోజే ఉత్తరం రాస్తాను. పెద్దావిడ ఇల్లే మావారికి నచ్చింది; అయితే ఆ ఇంట్లో ఉండే ఇతరుల గురించి అడగటం బాగుంటుందా అని సంకోచిస్తున్నాము.

సమాధానం (హనుమకొండ)

సంకోచం వద్దమ్మా. ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరెవరు వచ్చిపోతారు, ఆవిడకు జ్వరం వస్తే పిల్లలను ఎవరు చూస్తారు అని సూటిగా అడగండి. పిల్లల బాధ్యత తెలిసిన మనిషి ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. మొదటివారం మీరు అక్కడే కూర్చుని, రోజురోజుకూ కాస్త ఎక్కువసేపు బయటికి వెళ్లివస్తూ అలవాటు చేయండి. మీరిద్దరూ కాక మరెవరు వచ్చినా పాపను అప్పగించవద్దని రాసి, సంతకం చేసి ఇవ్వండి.